నాలుగు ఇత్తడి జెట్లు

పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఆగి పెట్రోలు వాసన ముక్కుకు తగిలిందంటే నా చేతులు ఊరుకోవు. కొంగు మెలిపెడతాను, గాజులు తిప్పుతాను, "జర ఆగు అమ్మమ్మా, సిగ్నల్ పడుతది" అని మనవడు విసుక్కుంటాడు. కుదురు లేనిదాన్నని నాకు చిన్నప్పటి నుంచీ పేరే.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బాపు పంజాగుట్టలో ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరు. కార్లు పెట్టే మోటారుఖానా వెనక గది మా ఇల్లు. అమీర్‌పేట దాకా చేలూ బండరాళ్లూ తప్ప మరేమీ ఉండేవి కావు. బతుకమ్మ దినాలు కావడంతో వాకిలంతా గునుగు పువ్వుకు అద్దిన రంగులు, వంటింట్లో నువ్వుల సత్తుపిండి, బెల్లం మలీద ముద్దల వాసన. జాగీర్దారుకు ఒకే కంపెనీ కార్లు రెండు: ముప్పై నాలుగు మోడల్ది మూలపడింది, ముప్పై ఏడు మోడల్ది తిరుగుతోంది. ఆ తిరిగేదానికి, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు పగిలింది. యుద్ధం వల్ల కొత్త సామాను రావడం లేదు. బాపు రెండు కార్లవీ విప్పి గోనెపట్టా మీద పరిచాడు. పైకి రెండూ కవల పిల్లలే. లోపల పెట్రోలు వదిలే ఇత్తడి జెట్లలోనే తేడా: పాతవాటి రంధ్రాలు పెద్దవి, పెట్రోలు తెగ తాగుతాయి, కొత్తవాటివి సన్నం. కూపన్ల మీద పెట్రోలు ఇచ్చే కాలం కనుక పాత కార్బురేటరులో కొత్త జెట్లు బిగించాలని ఆయన ఉపాయం. వాటి మీద అంకెలు అరిగిపోవడంతో పాత రెండూ కుడివైపు, కొత్త రెండూ ఎడమవైపు పెట్టాడు.

"బువ్వ తిని వస్త బిడ్డా. ఈడనే కూసో, ఏం ముట్టకు" అని లోపలికి వెళ్లాడు.

తోటి పిల్లలు తంగేడు పువ్వు కోసం ఎర్రమంజిల్ గుట్ట మీదికి పోతూ నన్ను కేకేస్తున్నారు. నాకు కాలు నిలవడం లేదు. ఒక గులకరాయి ఏరుకొని, ఆ నాలుగు జెట్లతో కలిపి అచ్చనగండ్లు ఆడాను, ఎగరేసి మునివేళ్ల మీద పట్టాను. బాపు దగ్గు వినబడగానే తోచినట్టు రెండు ఇటు, రెండు అటు పెట్టి పువ్వుకు పరుగెత్తాను.

సాయంత్రం జాగీర్దారును స్టేషనుకు తీసుకుపోతుంటే ఖైరతాబాద్ దగ్గర కారు నల్లపొగ కక్కి ఆగిపోయింది. రైలు తప్పింది. మరునాడు మధ్యాహ్నానికల్లా బండి కదలకపోతే గది ఖాళీ చేయమన్నాడాయన. జెట్లు తారుమారయ్యాయని బాపుకు తట్టింది; తెల్లవారి నాలుగింటినీ ఎండకు పట్టి చూసి చూసి, "అన్ని ఒక్కతీరుగనే కనవడుతున్నయ్ అవ్వా" అని నాయనమ్మ ముందు కూలబడ్డాడు. మగ్గం మీద బతికిన మనిషి ఆమె. పడుగు నూలు రెండు పోగులు కలిపి, తడిపి, మెలేసి ఒక్కో రంధ్రంలో దూర్చింది.

"గీ రెండిట్ల జారుతున్నది. గా రెండిట్ల పట్టుకుంటున్నది. పట్టుకునేటియే సన్నయి, పెట్టుకో."

కారు గుర్రుమని కదిలింది. మలీద ముద్ద చేతిలో పట్టుకొని గడపలో నిలబడ్డాను, చెప్పేద్దామనే అనుకున్నాను, భయంతో ముద్దంతా నోట్లో కుక్కుకున్నాను.

మా గది మాకు మిగిలింది. కానీ బాపు మునుపటిలా లేడు. "పెట్టిన చెయ్యి నాదే గద. కండ్లు పోయినయ్. రేపు ఎవలినన్న గుద్దుత" అని దసరా దాటగానే తనే జాగీర్దారుకు చెప్పి స్టీరింగ్ వదిలేశాడు, గేటు కాపలాకు కుదిరాడు. అప్పటికి నలభై అయినా నిండలేదు. తర్వాత ఎన్ని ఏళ్లయినా, వాకిట్లో కూర్చుని సూదిలో దారం ఎక్కించి చూసుకునేవాడు. మొదటిసారికే ఎక్కేది. అయినా తన చూపును నమ్మేవాడు కాదు.

ఇప్పుడు ఆ బంగళా లేదు, గుట్ట మీద తంగేడు లేదు. కొత్త కార్లకు కార్బురేటరే ఉండదట. బాపు కళ్లకు ఏమీ కాలేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆయన పోయేదాకా ఆ మాట చెప్పలేదు.