నేను చదివి వినిపించని ఏడో నియమం

పద్దెనిమిదేళ్లుగా ఒక ఇంగ్లీషు వాక్యం నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. నిండా ఇరవై మాటలు లేని వాక్యం. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. నన్నెరిగినవాళ్లు ఇది వింటే నవ్వుతారు. నా నోట్లో మాట ఆగడమా? ఆటోవాడైనా, గ్యాస్ బండ తెచ్చేవాడైనా, మా అత్తగారైనా, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి అయినా సరే, ఆఖరి మాట నాదే అయి తీరాలి. అలాంటిదాన్ని, నోరు తెరవవలసిన ఒకే ఒక్కసారి మూసుకున్నాను. మర్చిపోయి కాదు. తెలియక కాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకైతే చెబుతూ చెబుతూ వాదనలోకి దిగుతాను, నన్ను నేనే గెలిపించుకుంటాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

మాది విజయనగరం వైపు. నాన్నగారికి సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం రావడంతో నేను అక్కడి క్వార్టర్లలోనే పెరిగాను. ఎం.ఏ. ఇంగ్లీషు చేశాను. రెండువేల సంవత్సరం దాటిన ఆ కాలంలో ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరం. మా వీధిలో డిగ్రీ తప్పినవాళ్లు కూడా మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని కంపెనీ బస్సుల కోసం నిలబడేవారు. నాకు దొరికింది మాత్రం మోండా మార్కెట్ వెనక ఒక పాత మేడ రెండో అంతస్తులో. మెట్లెక్కుతుంటే కింది నుంచి కొత్తిమీర వాసన, ఎండుచేపల వాసన కలిసి పైకొచ్చేవి.

ఆ ఉద్యోగమేమిటో చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. జపాన్‌వాళ్ల బొమ్మల కథలుంటాయి, మాంగా అంటారు. వాటిని ఇంగ్లీషులో వేసే అమెరికా ప్రచురణకర్తలు పేజీలు మాకు పంపేవారు. పాత్రల మాటలుండే బుడగల్లోని జపాన్ అక్షరాలు తుడిచి, ఇంగ్లీషు మాటలు పెట్టి తిరిగి పంపాలి. మాటలు పెట్టే విభాగానికి నేను పెద్దని. ఆ పుస్తకాలు మన పుస్తకాలకు తిరగబడి ఉంటాయి. మనకు ఆఖరి అట్టగా కనిపించేది వాటికి మొదటి అట్ట. పేజీలోని బొమ్మల గళ్లు కుడి నుంచి ఎడమకు చదవాలి. నెల తిరిగేసరికి మా కళ్లు ఆ దారికి ఎంత అలవాటుపడ్డాయంటే, దినపత్రిక కూడా ఒక్కోసారి వెనక నుంచి తెరిచేవాళ్లం.

మంజుల మా దగ్గర చేరినప్పుడు ఆమెకు ఇరవై ఒకటి. అసలు పేరు అది కాదు. బోయిగూడ పిల్ల. తండ్రి దుకాణాల బోర్డులు రాసేవాడు. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. బొమ్మ మీద అడ్డంగా రాసిన పెద్ద పెద్ద జపాన్ అక్షరాలను తుడిచాక, వాటి కింద ఏముండేదో ఊహించి గీయడం ఆమె పని. సగం చెయ్యి, సగం గోడ, వానలో సగం ముఖం. ఆమె గీసిన సగం ఏదో, అసలు బొమ్మ ఏదో నేను ఎంత కళ్లు చికిలించినా కనిపెట్టలేకపోయేదాన్ని. మొదట మెచ్చుకున్నాను. ఆ తర్వాత ఎప్పటి నుంచి మెచ్చుకోవడం మానేశానో నాకే తెలియదు.

కాదు, తెలుసు. అబద్ధమాడను. అంతకు ముందు ఏడాది నేనూ ఒక కథ రాశాను. నలభై పేజీలు, నా దస్తూరీలో, చక్కటి ఇంగ్లీషులో. మా మేనేజరుకిస్తే తిరగేసి, "బాగుంది మేడమ్, మరి బొమ్మలేవి?" అన్నాడు. అంతే. ఆ కాగితాలు అతని బల్ల మీద టీ గ్లాసు కింద చాలా రోజులున్నాయి. అదే మేనేజరు మంజుల సొంతంగా బొమ్మలు గీసుకునే నోటు పుస్తకం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లేచి నిలబడటం నేను చూశాను. అక్కడి నుంచి మెచ్చుకోవడం మానేశాను.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె నా పక్కన కూర్చుని ఒక కాగితం తీసింది.

"అక్కా, గిది జెర సదివి చెప్పవా? ఒక్క ముక్క సుత సమజైతలేదు."

"ఏటిది?"

"అమెరికోళ్ల పోటీ అంట. జపానోళ్ల లెక్కనే, కానీ ఇంగ్లీష్‌లనే కొత్తగ కథ కట్టాల్నంట. మనసొంటోళ్లు ఎవలైనా పంపొచ్చంట. గెలిస్తే మన పేరు మీద పుస్తకం ఏస్తరంట."

"మన పేరా, నీ పేరా?"

"ఏ, పో అక్కా! నువ్వు లేకుంటె నాకు ఇంగ్లీష్ ఎట్లొస్తది? బొమ్మలు నావి, మాటలు నీవి."

అంటూ నోటు పుస్తకం తెరిచింది. సికింద్రాబాద్ స్టేషన్. చీర మీద ఎర్ర చొక్కా తొడుక్కుని, చేతికి బిళ్ల కట్టుకున్న ఒక పోర్టర్ పిల్ల. ప్రయాణికులు మర్చిపోయిన సామాను ఎత్తుకుని కదిలిపోయిన రైళ్ల వెంట పరుగెత్తుతుంది, రైలును దాటి పోతుంది. అంతే కథ. కానీ ఒక గడిలో ఆ పిల్ల కాలు ప్లాట్‌ఫారం అంచున ఉంది. చెప్పు జారిపోతోంది, మడమ కింద నేల లేదు. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నేను పెరిగింది రైళ్ల మధ్య. ఆ స్టేషన్‌ను నేను ఎన్నిసార్లు చూసి ఉంటాను! ఆ మడమను నేనెందుకు చూడలేదు? ఎం.ఏ. నాది. రైల్వే క్వార్టరు నాది. చూపు మాత్రం ఆమెకెలా వచ్చింది?

చెయ్యి కడుక్కొచ్చి కాగితం తీసుకున్నాను. నియమాలు పదో పదకొండో ఉన్నాయి. ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. ఇరవై పేజీలు. సొంత కథ. నలుపు తెలుపు. ఆమె బుద్ధిగా పెన్సిలుతో రాసుకుంటోంది. ఏడోదాని దగ్గరికి వచ్చాను. కథ ఇంగ్లీషులోనే పుడుతోంది కనుక గళ్లు ఇంగ్లీషు పుస్తకంలాగే ఎడమ నుంచి కుడికి సాగాలి, జపాన్ పద్ధతిలో కుడి నుంచి గీసినవి పరిశీలించము. అదీ ఏడో నియమం.

నా కన్ను దాన్ని చదివింది. నా నోరు ఎనిమిదోది చదివింది.

అంకెలు చెప్పకుండా చదువుతున్నాను కనుక ఆమెకు తెలియలేదు. అంతా అయ్యాక ఆ పిల్ల, ఏం గుర్తొచ్చిందో, తలెత్తి అడిగింది.

"ఏ దిక్కుకెల్లి షురూ జెయ్యాల్నో ఏం రాయలేదా అక్కా?"

"రోజూ మనం చేస్తున్నది ఏ వైపు నుంచి?"

"కుడి దిక్కుకెల్లి."

"మరింకేటి అడుగుతావు?"

"గంతే కదా!" అని నవ్వింది. "నిన్ను అడిగితె పరేషాన్ ఉండదక్కా."

చూశారా నా తెలివి? అబద్ధం చెప్పలేదు. ప్రశ్న వేశాను. జవాబు ఆమెతోనే చెప్పించాను. ఏళ్ల తరబడి నన్ను నేను ఈ ఒక్క మెలిక మీదే నిలబెట్టుకున్నాను. కోర్టులో అయితే గెలిచేదాన్నేమో.

అక్కడికైతే పొరపాటు అనుకోవచ్చు. క్షణికావేశం, అసూయ, ఆడవాళ్లకు సహజం, ఇలాంటి చెత్త మాటలేవో చెప్పుకోవచ్చు. కానీ ఆ తర్వాత మూడు నెలలున్నాయి. ప్రతి ఆదివారం ఆమె బోయిగూడ నుంచి లాలాగూడకు నడిచి వచ్చేది. ఆటోకు డబ్బులు దండగని. గీసిన పేజీలు మా మంచం మీద పరిచేది, కుడి నుంచి ఎడమకు. పోర్టర్ పిల్ల ఏమంటుందో తన భాషలో చెప్పేది, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. ఏ ఆదివారమైనా ఒక్క మాట అనవచ్చు. అయ్యో, ఒకటి చూసుకోలేదే మంజులా, అంటే సరిపోయేది. మా అమ్మ ఇద్దరికీ ఉప్మా పెట్టేది. తినేదాన్ని. మాటలకు మెరుగులు దిద్దేదాన్ని. ఎంత బాగా దిద్దానంటే, ఇప్పటికీ నేను రాసినవాటిల్లో అవే మంచివి. నా మాటలు కూడా చెత్తబుట్టలోకే పోతాయని తెలిసే దిద్దాను. ఒకరి మీద అంత కడుపుమంట ఉన్నప్పుడు మనిషి తన సొత్తు కూడా తగలబెట్టుకుంటుందా? తగలబెట్టుకుంటుంది.

ఆఖరి వారం పేజీలన్నీ స్కాన్ చేసి నా కంప్యూటర్లో పెట్టుకున్నాను. బుడగల్లో మాటలు పెట్టేది నేనే. మా పనిలో ఫ్లిప్ అని ఒకటుంది. పేజీని అద్దంలో చూసినట్టు తిప్పేయడం. కుడి నుంచి నడిచే కథ ఎడమ నుంచి నడుస్తుంది. పేజీకి ఒక్క నిమిషం పట్టదు. ఇరవై పేజీలూ తిప్పి, తర్వాత మాటలు పెడితే చాలు, ఏడో నియమం తీరిపోతుంది. ఆమెకు సర్ది చెప్పుకోవచ్చు. ఒక పేజీ తిప్పి చూశాను కూడా. పోర్టర్ పిల్ల చొక్కా మీదుగా తీసిన పైట కుడి భుజం మీదికి వచ్చింది. ప్లాట్‌ఫారం బోర్డు మీద అక్షరాలు తిరగబడ్డాయి. ఇది అన్యాయం, బొమ్మ పాడవుతుంది, అనుకున్నాను. బొమ్మ మీద ఎంత గౌరవమో నాకు! బోర్డులు మళ్లీ రాయడం బోర్డులు రాసేవాడి కూతురికి ఎంతసేపు? పైట దిద్దడం ఎంతసేపు? వెనక్కి తిప్పేశాను. మాటలు పెట్టాను. సీడీలో వేసి కొరియర్‌కు ఇచ్చాం. ఆమె ఆ కవరుకు దణ్ణం పెట్టుకుంది.

జవాబు నా మెయిల్‌కు వచ్చింది. ఆమెకు మెయిల్ లేదు. నాలుగు వాక్యాలు. ఏడో నియమం ప్రకారం పరిశీలించలేకపోయాం అని ఒకటి. బొమ్మలు ఇంత బాగుండీ తీసుకోలేనందుకు బాధపడ్డాం, వచ్చే ఏడు ఎడమ నుంచి గీసి తప్పక పంపండి అని ఇంకొకటి. ఆ రెండోది చదివాక నేను చేసింది మొదటి తప్పు కంటే నీచం. మెయిల్ చెరిపేశాను. మర్నాడు ఆమెతో, "నీ ఇంగ్లీషు సరిపోలేదన్నారు," అన్నాను.

"గదేంది, రాసింది నువ్వు గద అక్కా?"

"మాటలు నావే. ఆలోచన తెలుగుది అన్నారు. ఇంగ్లీషు రానివాళ్లు ఇంగ్లీషు బొమ్మల కథ ఎలా కడతారే?"

ఆమె నా ముఖంలోకి చూసి, "నిజమే తియ్," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇంతటితో అయిపోతే నేను మామూలు పాపిని. అవలేదు. మంజుల ఆ నెలలోనే ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసులో చేరింది. నోటు పుస్తకం కొనే డబ్బు అక్కడ కట్టింది. ఏడాది తిరగకుండా మాదాపూర్ వైపు కాల్ సెంటర్లో ఉద్యోగం. అక్కడి నుంచి ఇంకో కంపెనీ, ఇంకో మెట్టు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు తర్ఫీదు ఇచ్చే పెద్ద హోదాలో ఉంది. నా జీతం ఎప్పుడో దాటిపోయింది. మొన్న కొత్త ఫ్లాటులో పాలు పొంగించి నన్ను పిలిచింది. వచ్చినవాళ్లందరి ముందు నా చెయ్యి పట్టుకుని, "నీకు ఇంగ్లీష్ రాదే అని మొఖం మీద చెప్పింది అక్క ఒక్కతే. గా మాట జెయ్యబట్టే గిట్ల నిలబడ్డ," అంది. మా ఆయన పొంగిపోయారు. దారి పొడుగునా, నీ నోరు ఇన్నాళ్లకు ఒకరికి పనికొచ్చిందోయ్ అని ఒకటే వేళాకోళం.

మీరేమంటారో నాకు తెలుసు. మంచే జరిగిందిగా అంటారు. అనకండి. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను, ప్రతిసారీ రుచిగానే ఉంది, అందుకే అది విషమని తెలుసు. ఆమె పైకొచ్చింది ఆమె మొండితనంతో. నేను తోసింది గోతిలోకి. గోతిలోంచి ఎక్కివచ్చిందని తోసినదానికి సన్మానమా?

అసలు చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. ఆ రోజు వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు మెల్లగా అడిగాను, బొమ్మలు వేస్తున్నావా అని. "ఎక్కడిదక్కా? చెయ్యి పోయింది," అని తన వేళ్ల వంక చూసుకుంది, ఎవరివో చూసినట్టు. అప్పుడు నాకేమనిపించి ఉంటుంది? గుండె పగిలిందనుకుంటున్నారా? హాయిగా ఉంది. పద్దెనిమిదేళ్ల తర్వాత, ఆమె ఇంట్లో, ఆమె పెట్టిన పాయసం తింటూ, ఇంక గీయదు అని తృప్తిపడ్డాను. ఆమె ఫ్లాటు మీద నాకు అసూయ లేదు, జీతం మీద లేదు. ఆ చెయ్యి మీదే ఉండేది, అది పోయిందని తెలిసి చల్లబడింది. ఇంటికి వచ్చాక నన్ను చూసి నాకే భయం వేసింది. ఇది రాస్తున్నది అందుకే.

మరి ఆమెకే చెప్పవచ్చు కదా? ఫోను నంబరుంది. ఎన్నోసార్లు తీశాను. చెబితే తిట్టిపోస్తుందని కాదు నా జంకు. తిడితే నేనూ నాలుగు అనగలను. ఆమె తిట్టదు. "పోనీ తియ్ అక్కా, ఎప్పటి ముచ్చట," అంటుంది. అలా అనగలదు ఆమె. ఆమె స్థానంలో ఉంటే నేను అనలేను. ఆ మాట అన్న క్షణాన మళ్లీ ఆమే నాకంటే పెద్దదవుతుంది, నేను మళ్లీ కింద నుంచి చూడాలి. క్షమ అడగడానికి కూడా అసూయ అడ్డమొచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారా?

చూశారు, ఇప్పుడు. ఆమెకు దక్కవలసిన పుస్తకం దక్కకుండా చేసింది నేను. రెండో అవకాశం ఉందని తెలిసీ దాచింది నేను. గీసే చేతిని మాన్పించింది నేను. ఈ మూడు వాక్యాలూ ఎక్కడా మెలిక లేకుండా, ప్రశ్న చాటున దాక్కోకుండా రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. ఆమెకు తిరిగి ఇచ్చినదేమీ లేదు. నా ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. ఆ హక్కు నాకు లేదని తెలుసు. అయినా పీల్చుకుంటున్నాను.