మావయ్య ఏనుగుల తుపాకి

ఆ రోజుల్లో మగపిల్లాడు పైకి చెప్పుకోకూడని జబ్బు ఒక్కటే ఉండేది, భయం. కడుపునొప్పి చెప్పుకోవచ్చు, పరీక్ష తప్పిన సంగతి చెప్పుకోవచ్చు, ఆఖరికి చిన్నప్పుడు పక్క తడిపిన సంగతి కూడా నవ్వుతూ చెప్పుకోవచ్చు గానీ, "నాకు భయమేస్తందండీ" అన్నవాణ్ణి మావాళ్ళు మనిషి కింద జమకట్టేవారు కాదు. నా ఖర్మకొద్దీ నేను ఆ జబ్బుతోనే పుట్టాను. బల్లికి భయం, బావికి భయం, టపాకాయలకి మరీ భయం. దీపావళికి అందరూ వీధిలో ఉంటే నేను లోపల పిండివంటలకి కాపలా కాసేవాణ్ణి. (మా అమ్మ మాత్రం "మావోడు శానా జాగర్తపరుడు" అని ఊరంతా చెప్పుకునేది. కన్నతల్లి కదా, ఇంకేం చెప్పుకుంటుంది!) పైగా మాది బొబ్బిలి పక్క పల్లె. ఎక్కడికెళ్ళినా "ఓహో, బొబ్బిలివారా, పౌరుషం గల ఊరు" అని నా వైపు గౌరవంగా చూసేవారు. ఆ గౌరవం నిలబెట్టుకోలేక నా తలప్రాణం తోకకొచ్చేది.

అలాంటి నేను తొంభైల మొదట్లో స్టీలు ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరడానికి భిలాయి వచ్చి, రుఆబాంధా సెక్టారులో మా మావయ్య క్వార్టర్లో దిగాను. మావయ్యంటే మా అమ్మకి సొంత తమ్ముడు, ప్లాంటులో ఫోర్‌మన్. మీసం, గొంతు, బెల్టు అన్నీ పెద్ద సైజే. ఆయన కూతురు, అంటే నా మరదలు, భిలాయిలోనే పుట్టి పెరిగింది. మాట తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేది. వీడికి అదీ, దానికి వీడూ అని పెద్దవాళ్ళు మా చిన్నప్పుడే అనేసుకున్నారు. లోకంలో నాకు భయం వెయ్యని విషయం ఏదైనా ఉందంటే అదే. తలుచుకుంటే హాయిగా ఉండేది.

ఆ హాయి మధ్యలోకి తుపాకి వచ్చింది. అడవి వైపు ఎవరో పాత జమీందారు మనవడు అమ్మేస్తుంటే, మావయ్య జిల్లా కేంద్రం దుర్గ్‌లో ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, లైసెన్సు రాయించుకుని మరీ తెచ్చుకున్నాడు. జమీందారు ఇంగ్లండు నుంచి తెప్పించుకుని వాడకుండానే పోయాడట. గీత పడని కొత్త రైఫిలు. పక్కపక్కన రెండు గొట్టాలు, ఒక్కోదాంట్లో నా చిటికెన వేలు దూరేటంత కన్నం. తూటా చూపుడు వేలికంటే పొడుగు, బొటనవేలంత లావు. ఏనుగుల్నీ అడవిదున్నల్నీ కొట్టడానికి చేసిన సరుకు. "ఇది పేలిందంటే ఏనుగు ఉన్నకాడే కూలబడిపోద్దిరా అల్లుడూ!" అన్నాడు మావయ్య. "రుఆబాంధాలో ఏనుగులెక్కడున్నాయి మావా?" అన్నాను. "ఉన్నాయా నేవా అని కాదురా. ఒచ్చిందనుకో!" (వేట అప్పటికే ఎప్పుడో నిషేధించేశారు. ఏనుగు నిజంగా వచ్చినా, దాన్ని కొడితే జైలుకి పోయేది మావయ్యే. మా వీధిలో తిరిగే అతి పెద్ద జంతువు అత్త బచ్చలిపాదు మేసిపోయే గేదె.)

అయినా ఆ మనిషి ఆ తుపాకితో పడిన ఆనందం చూడాలి! ఆదివారం వస్తే వరండాలో పాత పంచె పరిచి, తుపాకిని పసిపిల్లలా పడుకోబెట్టి, చెక్కకి అవిసెనూనె, ఇనుముకి మిషను నూనె రాసి, వేలిముద్ర కనబడకుండా తుడిచేవాడు. తూటాలు పెట్టే మడత తెరిచి మూస్తే టక్కుమని మెత్తటి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు కోసం తెరుస్తూ మూస్తూ పొద్దంతా గడిపేవాడు. "ఇన్నావేటి? మన ప్లాంటులో ఏ మిషనైనా ఇంత ముద్దుగా మూసుకుంటాదేటి?" అని దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి వినిపించేవాడు. వీధిలో ఆయనకి 'బందూక్ బాబూజీ' అని పేరొచ్చింది. మా అత్తకి మాత్రం అది ఇంట్లో ఉన్నంతసేపూ ముద్ద దిగేది కాదు. "ఆ కన్నాలు రెండూ కళ్ళలాగ నన్నే సూస్తన్నాయి బాబూ. వొంటింట్లోకి పోనా సూస్తన్నాయి" అని దానిమీద దుప్పటి కప్పేది. మావయ్య విసుక్కుని తీసేసేవాడు. నేను అత్త పక్షమే గానీ, బొబ్బిలివాణ్ణి కదా, నోరు మెదపలేదు.

భిలాయిలో విశ్వకర్మ పూజంటే మనకి దసరా ఆయుధపూజ లాంటిది. ప్లాంటులో క్రేను మొదలు సుత్తి దాకా పసుపు, కుంకుమ, పూలదండ పడాల్సిందే. ఆ ఏడు ఇంట్లో కూడా స్కూటరు, కుట్టుమిషను, మిక్సీ వరసగా పెట్టి, వాటి మధ్య పెద్ద పీట మీద తుపాకిని కూర్చోబెట్టారు. ప్లాంటులో పూజకి వెళ్ళే తొందరలో మావయ్య "దానికీ బొట్టెట్టీవే" అని అత్తకి చెప్పి, నన్ను తీసుకుని వెళ్ళిపోయాడు. మేం తిరిగొచ్చేసరికి అది బంతిపూల దండేసుకుని అమ్మవారిలా ఉంది. ఆ పూట భోజనాల దగ్గర మావయ్య పులిహోర కలుపుకుంటూ, "రాముడు విల్లు ఇరిసి పిల్లని సేసుకున్నాడు. మా అల్లుడు ఇరవక్కర్నేదు, పేలిస్తే సాలు. ఒచ్చే ఆదివారం ఊరిబయట ఉతై కాడికి పోదాం. నా తుపాకి పేల్సినోడికే నా పిల్ల, అంతే!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, మావయ్య నవ్వుతూ అన్న మాటలన్నీ జరిగి తీరేవి. మరదలు అప్పడం విరుస్తూ నా వైపు చూసింది. "బొబ్బిలోణ్ణి మావా, అదెంత పని!" అన్నాను. నా నోరే నాకు శత్రువు.

ఆ వారం నేను అన్నం తిన్నానో గడ్డి తిన్నానో నాకే తెలీదు. పక్క క్వార్టర్ భయ్యా ఒకాయన, అడక్కుండానే, వాళ్ళ ఊళ్ళో ఒక ఠాకూరు ఇలాంటిదే పేలిస్తే అది వెనక్కి తన్ని భుజం ఎముక ఊడొచ్చిందనీ, ఈనాటికీ ఆయన ఆ చేత్తో చెంబు ఎత్తలేడనీ చెప్పి, "ఆప్ తో జవాన్ హై" అని ధైర్యం కూడా చెప్పాడు. పేలిస్తే చెయ్యి పోతుంది, పేల్చకపోతే పిల్ల పోతుంది. అడకత్తెరలో పోకచెక్కనై జ్వరం రమ్మని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అడిగినప్పుడు జ్వరం కూడా రాదు.

ఆదివారం రానే వచ్చింది. పూజ చేసిన బొట్లు తుడవకూడదు, వాటంతటవే పోవాలన్నది మా వాళ్ళ పట్టింపు కాబట్టి మావయ్య ఆ పొద్దు నూనె పని మానేసి, తుపాకిని బొట్లతో సహా దుప్పట్లో చుట్టేశాడు. స్కూటర్ కాళ్ళ దగ్గర గురికి ఒక బూడిద గుమ్మడికాయ, మధ్యలో మరదలు, వెనక నేను, నా ఒళ్ళో తుపాకి. తూటాలు మావయ్య జేబులో ఉన్నాయని తెలుసు. అయినా గతుకు వచ్చినప్పుడల్లా నేను కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకున్నాను. "బావా, నా చున్నీ చిరిగిపోతంది, ఇత్నా జోర్ సే మత్ పక్‌డో" అంది మరదలు. చూస్తే తుపాకితో పాటు మరదలి చున్నీ కూడా గుప్పిట్లో బిగించి ఉన్నాను.

ఉతై దాటాక ఎర్రకంకర తవ్వి వదిలేసిన పాత మొరం గొయ్యి ఒకటుంది. మనిషన్నవాడు లేడు. మావయ్య గుమ్మడికాయని రాయి మీద పెట్టి, తూటాలు రెండూ లోపల పెట్టి, టక్కుమని మూసి నా చేతికిచ్చాడు. మావయ్య నా వెనక్కి నడిచాడు. ఇంకొంచెం నడిచాడు. కూతుర్ని బండరాయి చాటున నిలబెట్టి, తనూ ఆ చాటుకే చేరి "ఊఁ, కానీ!" అన్నాడు. నేను దాహమన్నాను. మంచినీళ్ళిచ్చారు. చెవుల్లోకి దూదన్నాను. మావయ్య చేతిరుమాలు చింపి ఇచ్చాడు. ఎండ కళ్ళలో పడుతోందన్నాను. మబ్బు వచ్చింది. ఇంక ఏ సాకూ మిగల్లేదు. తుపాకి భుజానికెత్తాను. ఎదురుగా గుమ్మడికాయ రెండుగా, మూడుగా కనిపిస్తోంది. ఇదే ఆఖరనుకున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. అప్పుడు నా నోట్లోంచి, నాకు తెలీకుండానే, "మావా, లోపల బల్లేదైనా దూరిందేమో ఒక్కపాలి సూద్దావా?" అన్న మాట వచ్చేసింది.

"తుపాకీలో బల్లేట్రా, నీ మొహం!" అని మావయ్య అరిచాడు. "ఏమో మావా, దూరీసిందేమో" అన్నాను. ఆ గొంతు విని ఆయనకే జాలేసినట్టుంది. తిట్టుకుంటూ వచ్చి, మడత తెరిచి, తూటాలు తీసి జేబులో వేసుకుని, గొట్టాలు ఆకాశం వైపెత్తి నా కంటి ముందు పెట్టాడు. "సూడు. ఆకాశం కనిపిస్తందా?"

"నేదు మావా."

"కళ్ళు తెరూ."

"తెరిసే ఉన్నాయి మావా. సీకటిగుంది."

మావయ్య నన్ను పక్కకి తోసి తను చూశాడు. ఒక కన్నంలోంచి చూశాడు, రెండో కన్నంలోంచి చూశాడు. ఆ పెద్ద మీసం కింద మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. వేపపుల్ల విరిచి లోపలికి పొడిస్తే, రెండు గొట్టాల మూతుల్లోంచీ ఎండి రాయయిన పసుపు ముద్దలు పెళ్ళలు పెళ్ళలుగా రాలాయి. అత్త! బొట్టు పెట్టమంటే పెట్టి, ఆ కళ్ళు రెండూ తనని చూడకుండా పసుపు ముద్దతో శుభ్రంగా మూసేసింది. బయట ఉన్న పసుపు తుడవకూడదనే పట్టింపులో లోపలిది ఎవరం చూడలేదు. దారి మూసిన గొట్టంలో అంత మందు పేలితే గుండు ముందుకి పోదు, గొట్టమే పగిలి పట్టుకున్నవాడి మొహం మీదికి వస్తుంది. ప్లాంటులో చేసేవాళ్ళకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నేను అక్కడే మట్టిలో చతికిలబడ్డాను. తల తిప్పి చూస్తే మావయ్య నాకంటే ముందే కూర్చుని ఉన్నాడు.

నేనే, "మావా, నువ్వు పేల్సినప్పుడు భుజానికెలాగుండేది?" అని అడిగాను. ఆయన కూతురి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, "నానెప్పుడు పేల్సేన్రా? నాకు భయం. ముందు నువ్వు పేలిస్తే, నీ భుజం ఉంటే, అప్పుడు నాను పేలుద్దావనుకున్నాను" అన్నాడు. కోపం రావాలి. రాలేదు సరికదా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు తోడు దొరికినట్టనిపించింది. ఇద్దరం నవ్వడం మొదలుపెడితే ఎంతకీ ఆగలేదు. బండచాటు నుంచి మరదలు వచ్చి, "ఇద్దరికీ పిచ్చెక్కింది, పాగల్ హో గయే దోనో" అని గుమ్మడికాయ ఎత్తుకుని స్కూటర్ వైపు వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక సంగతి విని అత్త గుండెలు బాదుకుంది. మావయ్య ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, మా ఊళ్ళో షావుకారింటికి ఫోన్ చేసి, వాళ్ళ అక్కని, అంటే మా అమ్మని, పిలిపించి, లైనులో నిలబడ్డవాళ్ళందరికీ వినబడేలా, "అప్పా! నీ కొడుకు ఉత్త పిరికోడే! నా పిల్లని ఆడికే ఇస్తన్నాను! ఇలాంటోడి కాడుంటే అది నూరేళ్ళు బతుకుద్ది!" అని అరిచాడు. అవతల మా అమ్మ తిట్టిందో ఏడ్చిందో నాకు వినబడలేదు. లైనులో ఉన్న సర్దార్జీ ఒకాయన మాత్రం ఏం అర్థమైందో, నా భుజం తట్టి బధాయి హో అని అభినందించాడు.

ఇదంతా జరిగి ఎన్నేళ్ళో అయింది. తుపాకి ఒక్కసారీ పేలకుండానే, రిటైరయ్యే ముందు మావయ్య చేతుల మీదుగానే ఎవరికో వెళ్ళిపోయింది. ఇప్పుడు మావయ్యా లేడు. మొన్న వర్షంలో కరెంటు పోతే నేనూ మా ఆవిడా వరండాలో కూర్చుని ఆ రోజు తలుచుకున్నాం. "నాకు భయమేస్తందని నీకు అప్పుడు తెలీలేదు కదా?" అని మా ఆవిణ్ణి అడిగాను, ఇన్నేళ్ళకి. అది నా వైపు చూడకుండా, "తెలీకేటి బావా? స్కూటర్ మీదే తెలిసిపోనాది. నా బెంగల్లా ఒకటే. నా ముందర సిగ్గుపడి, భయం లేనట్టు పేల్సీస్తావేమోనని బండసాటున ఊపిరి బిగబట్టీసేను" అంది. ఆ రోజు బల్లి పేరు చెప్పి వణికిన ఆ కుర్రాణ్ణి అప్పట్నించీ తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ మాట విన్నాక వాడు నాకు మొదటిసారి ముద్దొచ్చాడు.