ముప్పై అంగుళాల గీత

నా చిన్నప్పుడు మా ఇంటి అటకను గదిగా మార్చారు. ఆ గది కిటికీ గురించి మా నాన్న చెప్పే కథను డెట్రాయిట్ చుట్టుపక్కల మన తెలుగు చర్చిలో పాతవాళ్ళంతా వినే ఉంటారు. కొలత తప్పి, మోకాలి ఎత్తున కిటికీ పెట్టిన మేస్త్రి కథ అది. పుట్టినరోజుల్లోనూ క్రిస్మస్ భోజనాల్లోనూ నాన్న దాన్ని అందరినీ నవ్విస్తూ చెప్పేవారు. నలభై ఏళ్ళు నేనూ కలిసి నవ్వాను. అందులో మేస్త్రి తప్పేమీ లేదు. ఆలస్యమైందని తెలిసే, జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

మాది చిన్న ఇల్లు. కింద రెండే పడగ్గదులు. ఒకదాంట్లో అమ్మానాన్నా, రెండోదాంట్లో నేనూ, తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతో ఉంటున్న మా నాయనమ్మా. నాన్నది కార్ల విడిభాగాల కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. పైన అటక ఉండేది గానీ, కప్పు రెండు వైపులా ఏటవాలుగా దిగడం వల్ల సరిగ్గా నడిమధ్యన తప్ప నాన్నకు తల ఎత్తడానికి వీలుండేది కాదు. ఇండియా నుంచి తెచ్చిన సూట్‌కేసులూ, క్రిస్మస్ చెట్టు ఉన్న డబ్బా అక్కడ పడి ఉండేవి. ఆ ఏటవాలు కప్పును ఒక వైపు కోసి, అంచు దగ్గర చిన్న గోడ నిలబెట్టి, దానికో కిటికీ పెట్టి, పైన వేరే కప్పు వేస్తే మనిషి తిరగడానికి చోటూ వస్తుంది, వెలుగూ వస్తుంది. దాన్నే ఇక్కడ డార్మర్ అంటారు. అలా కట్టించి ఆ గది నాకిస్తామన్నారు. కిటికీ కింద ఒక బల్ల వేసి, దాని మీద నేను హోంవర్క్ చేసుకోవాలి, సాయంత్రాలు నాన్న తన డ్రాయింగులు చూసుకోవాలి. అందుకని కిటికీ అడుగు నేల నుంచి సరిగ్గా ముప్పై అంగుళాల ఎత్తున ఉండాలని నాన్న ఒకటికి రెండుసార్లు చెప్పారు.

పని ఒప్పుకున్నాయన్ని నేను మేస్త్రి అంకుల్ అనేవాణ్ణి. బాపట్ల వైపు వడ్రంగుల కుటుంబం ఆయనది. ఆయన భార్య, మా ఆంటీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆవిడతో పాటు వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో చేరారు. ఎనభైల మొదట్లో ఫ్యాక్టరీలు వరసగా మనుషుల్ని తీసేస్తున్నప్పుడు ఆయన ఉద్యోగమూ పోయింది. అప్పటికి మనకు చర్చి భవనం లేదు. ఆదివారం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. ఇంజనీర్లూ డాక్టర్లూ సోఫాల్లో కూర్చుంటే ఆయన తలుపు దగ్గర, కోట్లు పెట్టే చోట ఒక మడత కుర్చీలో కూర్చునేవారు. పెద్దవాళ్ళు ఆయన్ని 'మేస్త్రీ' అని పిలవడంలో కాస్త ఎగతాళి ఉండేది. పిల్లలం, మాకది తెలియదు కాబట్టి దానికి అంకుల్ తగిలించాం.

ఈ దేశంలో ఆయన సొంతంగా చేసిన మొదటి పని మా అటక. అది చూసి నచ్చితే తన ఇంటి అటకా, బేస్‌మెంటూ కూడా ఆయనకే ఇస్తానని మా కూటంలోని ఒక డాక్టర్ అంకుల్ మాటిచ్చారు. ఆ రెండూ దొరికితే ఇక్కడే నిలదొక్కుకుంటామనీ, లేకపోతే చలికాలం ముదిరేలోగా టెక్సాస్‌లో చుట్టాల దగ్గరికి వెళ్ళిపోవాల్సిందేననీ ఆయన మా అమ్మతో అంటుంటే నేను పక్కనే ఉన్నాను. కాబట్టి నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు.

అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఆయన మర్నాటికి అన్నీ సిద్ధం చేసుకున్నారు. కిటికీ అడుగును మోసే నాలుగు నిలువు చెక్కల్ని అటక నేల మీద పక్కపక్కనే పేర్చారు. టేపు పెట్టి, చెవి వెనక నుంచి వెడల్పాటి పెన్సిల్ తీసి, నాలుగింటి మీదుగా ఒకే గీత లాగారు.

"రేప్పొద్దున ఇక్కడ కోస్తా. నీ కిటికీ ఇక్కడి నుంచే మొదలు," అన్నారు నాతో.

నేను టేపును నిలువుగా పట్టుకుని పక్కన నిలబడి చూశాను. ముప్పై అంగుళాలు నా నడుము పైదాకా వచ్చింది. నేల మీద కూర్చుంటే నాకేమీ కనపడదు. నేను ఎప్పుడూ నేల మీదే ఉండేవాణ్ణి. బోర్లా పడుకుని బొమ్మలు వేసుకునేవాణ్ణి. ఎదురింటి పిల్లలు రోడ్డు మీద కర్రలతో బంతి ఆడుతుంటే, పడుకునే చూడొచ్చని ఎన్ని రోజుల నుంచో అనుకుంటున్నాను. కిటికీ కొంచెం కిందికి పెట్టించమని నాన్నను రెండుసార్లు అడిగాను. "నో అంటే నో. బల్ల ఎక్కడ వేస్తాం?" అన్నారు.

అందరూ కింద భోజనానికి కూర్చున్నప్పుడు నేను చేతులు కడుక్కొస్తానని పైకి వెళ్ళాను. జేబులో రబ్బరు ఉంది, చేతిలో బడికి తీసుకెళ్ళే అడుగు స్కేలు ఉంది. గీతను చెరిపాను. పూర్తిగా పోలేదు, మసకబారింది. సరిగ్గా ఒక స్కేలు కింద, నాలుగింటి మీదుగా ఇంకో గీత గీశాను. పెన్సిల్ కూడా ఆయనదే, అక్కడే వదిలి వెళ్ళారు. కిందికి వచ్చి పప్పు కలుపుకుని తిన్నాను. నా మొహంలో ఏదైనా కనపడుతుందేమోనని నాయనమ్మ వైపు చూడలేదు.

శనివారం మధ్యాహ్నానికి వర్షం అని రేడియోలో చెప్పారు. కప్పు కోశాక వర్షం వస్తే ఇల్లంతా తడుస్తుంది. అందుకని ఆయన తెల్లవారగానే ఇద్దరు కూటం కుర్రాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. నాన్నకు ఆ రోజు ఓవర్‌టైమ్. అటకలో తీగకు వేలాడే ఒక్క బల్బు వెలుగులో ఆయన ఆ నాలుగు చెక్కల్నీ కరెంటు రంపంతో వరసగా కోసేశారు. మళ్ళీ కొలవలేదు. రాత్రి కొలిచి గీసింది తనే కదా. మిగతా కొలతలన్నీ ఆ కిటికీ అడుగు నుంచే తీసుకుని చట్రం బిగించారు. ఆపైన కప్పు కోశారు. ఒక్కసారిగా అటకలోకి ఆకాశం వచ్చింది. గోడను ముగ్గురూ కలిసి లేపి నిలబెట్టాక ఆయన రెండడుగులు వెనక్కి వేసి చూశారు. కిటికీ అడుగు ఆయన మోకాలి దగ్గర ఉంది.

ఆయన మూలన పడి ఉన్న కోసిన ముక్కల దగ్గరికి వెళ్ళి, ఒకటి తీసి బల్బు కింద తిప్పి చూశారు. తర్వాత మెట్ల మీద నిలబడ్డ నన్ను చూశారు. పడమటి వైపు నుంచి మబ్బు దిగుతోంది. "కానివ్వండ్రా, ముందు పైన మూసేద్దాం," అని కుర్రాళ్ళతో అని ఆ ముక్కను తన పనిముట్ల సంచిలో వేసుకున్నారు. మొదటి చినుకు పడేసరికి ఇల్లు మూసి ఉంది.

సాయంత్రం నాన్న వచ్చారు. "ఇదేంటి బ్రదర్? థర్టీ ఇంచెస్ అని చెప్పాను కదా."

"అవునన్నయ్యగారూ. నా పొరపాటే. వారం రోజులు టైమివ్వండి, విప్పి సరిచేస్తాను."

నేను అక్కడే ఉన్నాను.

మర్నాడు కూటం మా ఇంట్లోనే. ప్రార్థన అయ్యాక అందరూ వరసగా అటక ఎక్కారు. డాక్టర్ అంకుల్ ఆ కిటికీ ముందు నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏం మేస్త్రీ, ఇది మనుషులకా, పిల్లికా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా మొహమాటంగా నవ్వి, "కొలత తప్పిందిలెండి," అన్నారు. ఆంటీ కిందికి దిగిపోయింది. మేస్త్రి అంకుల్ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, తనూ కొంచెం నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అప్పుడు మా నాయనమ్మ రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చింది. ఆవిడకు కుర్చీ అలవాటు లేదు. తిన్నగా వెళ్ళి ఆ కిటికీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వర్షం వెలిసి వీధంతా తడిగా మెరుస్తోంది.

"ఒరే అబ్బాయ్," అంది నాన్నతో, "నేనీ ఇంటికొచ్చి రెండేళ్ళయింది. ఎదురింటి వాకిలి తలుపు ఎర్రదని ఇవాళే చూశాను. దీని జోలికి వెళ్ళకండి."

అలా కిటికీ మిగిలిపోయింది. కానీ డాక్టర్ అంకుల్ తన ఇంటి పని ఒక కంపెనీకి ఇచ్చేశారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, లోపలి గోడలకు పలకలు కొట్టడానికి వచ్చిన మేస్త్రి అంకుల్ నన్ను పైకి పిలిచారు. సంచిలోంచి ఆ చెక్క ముక్క తీసి నా చేతిలో పెట్టారు. అడుగుకు పైన పొడవు ఉంది. ఒక చివర రంపపు కోత. నేను గీసిన గీత ఆ కోతలో పొట్టుగా రాలిపోయింది. ఆ చివరకు అడుగు దూరంలో, నేను చెరిపిన ఆయన గీత మసగ్గా ఉంది.

నేను ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు. తర్వాత నా పక్కన నేల మీద కూర్చుని, "గీత ఎవరు గీసినా రంపం పట్టింది నేను. కోసేముందు ఇంకోసారి కొలవాల్సింది కూడా నేనే. ఆ తప్పు నాదే, దానికి నువ్వు ఏడవక్కర్లేదు," అన్నారు. చెక్క మీది మసక గీత చూపించి, "చెరిపిన తప్పు మాత్రం నీది. మీ నాన్నకు చెప్తావో లేదో నీ ఇష్టం. నేను చెప్పను," అన్నారు.

నేను ఆ మాటల్లో నాకు కావలసినంత మటుకే విన్నాను. ఆయన చెప్పరు, అంతే. చెక్కను, చలి ఆపడానికి గోడలో నింపే గులాబీ రంగు పీచు వెనక దాచాను. అది చూసినా ఏమీ అనకుండా, ఆ చోటును మేకులతో మూసెయ్యకుండా చిన్న తలుపు చేసి పెట్టారు. ఒప్పుకున్న పని కాకపోయినా కిటికీ అడుగున వెడల్పాటి పలక బిగించారు, నాయనమ్మ బైబిలూ కళ్ళజోడూ పెట్టుకోవడానికి. మెట్ల పక్కన ఆవిడ ఎత్తుకు సరిపోయేలా రెండో రెయిలింగు వేశారు. నవంబరు చివర్లో వాళ్ళు కారుకు సామాన్ల ట్రైలర్ తగిలించుకుని టెక్సాస్ వెళ్ళిపోయారు. నేను చెయ్యి ఊపాను.

మా నాయనమ్మ ఆఖరి ఏడు చలికాలాలూ మధ్యాహ్నం పూట ఆ కిటికీ దగ్గరే గడిపింది. మంచు తోసే బండ్లను, బడి బస్సును, ఎదురింటి పిల్లల్ని చూస్తూ కూర్చునేది. వచ్చిన వాళ్ళంతా "మేస్త్రి పొరపాటు కలిసొచ్చింది" అనేవారు. అంటే మంచి జరిగినా ఆయనకు దక్కింది పొరపాటు చేశాడన్న పేరే.

రెండేళ్ళ క్రితం నాన్న ఆ ఇల్లు అమ్మేశారు. సామాను ఖాళీ చేస్తున్న రోజు ఇద్దరమే అటకలో ఉన్నాం. ఆ కిటికీ చూసి ఆయన అలవాటు కొద్దీ నవ్వి, "మేస్త్రి..." అని మొదలుపెట్టారు. నేను చిన్న తలుపు తీసి, చెయ్యి పెట్టి, చెక్క బయటికి లాగాను. మొత్తం చెప్పాను. యాభై ఏళ్ళు దాటిన నేను తొమ్మిదేళ్ళ పిల్లాడిలా తడబడుతూ చెప్పాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నారు. కోసిన చివర కిందికి వచ్చేలా చెక్కను కిటికీ పలక మీద నిలబెట్టి, నన్ను పట్టుకోమన్నారు. జన్మంతా కొలతలతో బతికిన మనిషి. టేపు నేలకు ఆనించి, వంగి, మసక గీత దాకా లాగి చదివారు. మళ్ళీ ఒకసారి చదివారు.

"థర్టీ," అన్నారు. "కరెక్ట్‌గా థర్టీరా."

నేల మీద అలాగే కూర్చుండిపోయారు. కొంచెంసేపటికి, "ఆయన నంబరు ఉందా?" అని అడిగారు. మేస్త్రి అంకుల్ పోయి అప్పటికి మూడేళ్ళు. నాన్నకూ తెలుసు, ఆ క్షణంలో మర్చిపోయారు. ఆంటీకి ఫోన్ చేశాం. స్పీకర్‌లో పెట్టి నాన్న, "అమ్మా, మీ ఆయన కొలత తప్పలేదమ్మా. ఇన్నేళ్ళు నేనే తప్పు చెప్పాను," అన్నారు.



"నాకు తెలుసు అన్నయ్యగారూ. ఆ రాత్రే చెప్పారు నాకు. బాబు పెద్దయ్యాక తనే చెప్తాడులే అన్నారు," అంది ఆంటీ. తర్వాత, "అక్కడున్నాడా బాబు? అన్నం తిన్నావా నాన్నా?" అని అడిగింది.

ఆయన టెక్సాస్‌లో చాలా ఇళ్ళకు అటకలు కట్టారని ఆ రోజే ఆవిడ చెప్పగా తెలిసింది. బాగానే బతికారు. అందుకు దేవునికి స్తోత్రం. కానీ మన ఊళ్ళో ఆయన పేరు మీద ఒక నవ్వు మిగిలింది, దాన్ని మిగిల్చింది నేను. నాకు చెప్పడానికి బోలెడంత కాలం ఇచ్చి, నేను వాడుకోకపోయినా ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయిన మనిషి ఆయన.

ఆ చెక్క ఇప్పుడు ఆఫీసులో నా బల్ల మీద ఉంది. ఎవరైనా ఇదేంటని అడిగితే పాత ఇంటి గుర్తు అని చెబుతూ వచ్చాను. ఇక మీదట ఆ గీత మీద వేలు పెట్టి చూపిస్తాను. ఇది మా మేస్త్రి అంకుల్ గీసింది, సరిగ్గా ముప్పై అంగుళాలు, చెరిపింది నేను అని చెబుతాను.