మంత్రి చెప్పని మాట

సిరిసిల్లలో మా మామగారు చనిపోయారని ఫోను వచ్చినప్పుడు నేను కోరుట్లలో మా అమ్మగారింట్లో ఉన్నాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. రాతలో తప్పులుంటే, అక్షరాలు వంకరపోతే పెద్ద మనసుతో చదవండి. ఆయన గురించి ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం సయించడం లేదు.

మామ బతుకంతా సాంచాల మీదే గడిచింది. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. షెడ్డూ కరెంటు మీటరూ ఆయన పేరు మీదే ఉండేవి. నడిపేది మాత్రం మా ఆయన.

ఇంగ్లండు రాజుకు కిరీటం పెట్టిన రోజు మామ టీవీ చూస్తూ అడిగారు.

"గంత బరువు నెత్తిన వెట్టుకున్నడు. గీయన చేసే పనేంది బిడ్డ?"

టీవీలో చెబుతున్నది విని చెప్పాను. "పార్లమెంటుల చట్టం చేస్తరట మామ. ఈయన సరే అంటడట. వద్దనడట."

"ఈయన మీద కేసు వెడితే?"

"పెట్టరాదట. కోర్టులన్నీ ఈయన పేరు మీదనే నడుస్తయట. తప్పయితే మంత్రులదేనట."

"గా మంత్రులు ఈయనకు చెప్పి చేస్తరా, చెప్పకనా?"

"వారం వారం పెద్దమంత్రి పోయి అన్నీ చెప్పాలెనట."

మామ పకపకా నవ్వారు. "అయితే నేను గూడ రాజునే. నువ్వే నా మంత్రివి."

నలుగురిలో నోరు విప్పని నన్ను అంత పెద్ద పేరుతో పిలిచింది ఆయనొక్కరే. ఆ తర్వాత వారం వారం సాంచాలకు సెలవున్న రోజు టీ ఇస్తుంటే "మంత్రీ, రాజ్యం ఎట్లున్నదే?" అనేవారు. నూలు రాలేదనో, పిల్లకు జ్వరం తగ్గిందనో చెప్పేదాన్ని. అంతా విని "సరే, కానియ్యుండ్రి" అనేవారు. ఒకసారి అత్త ఎత్తిపొడిచింది.

"ఏం రాజువయ్యా, బీడీలకు కోడల్ని పైసలడుగుతవ్!"

"రాజుల జేబుల పైసలుండయే పిచ్చిదానా."

మొన్న ఎండాకాలం పని దొరకక, సాంచాలను పాత ఇనుము కింద అమ్మాలని మా ఆయన ఖాయం చేశాడు. "బాపుకు చెప్పకు, పాణం కొట్టుకుంటది. లారీ అచ్చినంక నేనే చెప్త" అన్నాడు. ఆ వారం మామ అడిగితే మా చెల్లె సంబంధం గురించి చెప్పాను, నల్లా నీళ్ల గురించి చెప్పాను. ఆ ఒక్కటీ చెప్పలేదు.

లారీ వచ్చింది. మామ షెడ్డు గుమ్మంలో నిలబడి చూశారు. ఎవరినీ ఆపలేదు. నా వైపు తిరిగి మెల్లగా అన్నారు.

"నేను వద్దంటనా బిడ్డ? సరే అనేటోణ్ణే గదా. అడగాలె, గంతే."

ఆ తర్వాత కూడా నా చేతి టీ తాగారు. రాజ్యం సంగతి మాత్రం మళ్లీ అడగలేదు. కోరుట్ల నుంచి వచ్చాక కాళ్ల మీద పడదామనుకున్నాను.

తప్పు మా ఆయనది అనుకుందామని చూశాను. మనసు ఒప్పుకోవడం లేదు. తప్పయితే అది మంత్రులదేనని మామకు చెప్పింది నేనే.

శ్మశానానికి పోయే దారి మధ్యలో మామ పాడె దింపారు. పోయినవాళ్లను చెవిలో పిలిచి చూడటం మా ఆచారం. కోడళ్లు పిలవరు, నేను వెనకే నిలబడ్డాను. మా ఆయన వంగి "బాపూ, బాపూ" అని పిలిచాడు. "ఇగ లెవ్వురా" అన్నారు పెద్దలు. మా ఆయన లేవలేదు. తన చెవి తండ్రి పెదవుల దగ్గర పెట్టి, అట్లాగే వంగి ఉండిపోయాడు.