ఉప్పుగుంటకు హారతి

ఆ రోజు శుక్రవారం. ఉదయం పది గంటల పది నిమిషాలు. గోడ గడియారంలో చిన్న ముల్లు పది దాటి ఉంది, పెద్ద ముల్లు రెండు మీద ఉంది. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, నా జన్మలో మొదటిసారి నలుగురి ముందు గొంతెత్తి చదివిన ఘడియ అది. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. అంకెలు ముందే వచ్చు, అక్షరాలే కొత్త.

మొన్న నల్లపాడు స్టేషను దగ్గర ఆటో దిగి నడుస్తుంటే ఒక షెడ్డులోంచి ఆ వాసన వచ్చింది. ఇనుము మీద రంగుపొడి పొయ్యిలో కరిగే వాసన అది. కొంచెం తియ్యగా, కొంచెం ప్లాస్టిక్కు కాలినట్టు, గొంతులో కాసేపు నిలబడే వాసన. కాళ్లు వాటంతటవే లోపలికి పోయాయి. పని చేస్తున్నాయన్ని పట్టుకుని, "మీ ఎర్తు గుంట ఎక్కడుంది నాయనా? ఇవాళ నీళ్లు పోశారా?" అని అడిగాను. చందాకి వచ్చిన ముసలమ్మ అనుకున్నట్టున్నాడు, తర్వాత రమ్మన్నాడు. బాజీ మేస్త్రి గారే ఉంటే ఆ జవాబుకి ఆ షెడ్డు మెయిన్ కట్టేసి తాళం జేబులో వేసుకుని ఇంటికి పోయేవారు.

మీరెవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి చెబుతాను. షేక్ బాజీ గారిది పిడుగురాళ్ల. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో పనిచేసి దగ్గి దగ్గి పోయాడట. అందుకని దుమ్ము అంటే ఆయనకి పుట్టు పగ. అలాంటి మనిషికి దొరికిన పని చూడండి, పొద్దస్తమానం పొడి కొట్టడం. పౌడర్ కోటింగంటే డబ్బాలో తడి రంగు కాదు, మైదాపిండి లాంటి పొడి. దాన్ని చిమ్మే గన్నులోంచి బయటికొచ్చేటప్పుడు ఆ పొడికి కరెంటు అంటుతుంది. ఆ పొడి భూమితో తీగ కలిపిన ఇనుముని వెతుక్కుంటూ పోయి పట్టుకుంటుంది. తర్వాత వేడి పొయ్యిలో పెడితే కరిగి పూత అవుతుంది. మా షెడ్డులో పత్తి చేలకి మందు కొట్టే పంపుల్ని వీపున మోసుకునే ఇనుప చట్రాలు చేసేవాళ్లం.

నేను మొదట జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తాను. అక్కడ ఒకసారి అగ్గి లేచింది. వాసాల మీద పేరుకున్న నూగు అంటుకుని, మంట గోడ మీద బల్లిలా పరిగెత్తింది. నా పక్కన పనిచేసే మనిషికి కనుబొమలు, రెండు చేతులు కాలాయి. ఆ తర్వాత మిరపకాయల తొడిమలు తీశాను. అక్కడినుంచి ఈ షెడ్డుకి వచ్చాను, చట్రాలకి జిడ్డు కడిగి కొక్కేలకి తగిలించే పనికి.

మొదటి వారమే మేస్త్రి గారి చేత తిట్లు తిన్నాను. ఒక కొక్కెం తీసి నా ముఖం ముందు పెట్టారు. దాని మీద పాత పూతలు కట్టి, బెల్లం పాకంలో ముంచినట్టుంది.

"ఇదేంటి?"

"కొక్కెమండి."

"కాదు, ఇది తొడుగు. లోపల కొక్కెం ఉందేమో నువ్వే వెతుకు. ఇనుము ఇనుముని తాకాలమ్మా. తాకకపోతే కరెంటుకి దారి ఉండదు, చట్రంలో కూర్చుని ఎదురుచూస్తుంది. ఏదో ఒకటి దగ్గరికి రాగానే చిటుక్కున రవ్వ కొడుతుంది. చుట్టూ ఉన్నది పొడి. నువ్వు పత్తి మిల్లు చూశావుగా, మిగతాది నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ రోజునుంచి ప్రతి కొక్కేన్నీ తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకాను. నా ముక్కుకి తడి గుడ్డ కట్టుకుంటే పీకి పారేసి మాస్కు ఇచ్చారు. "మిరప ఘాటు కాదు ఇది, ఘాటుంటే నువ్వే పారిపోతావు. ఇది చప్పుడు చేయకుండా లోపలికి పోతుంది," అన్నారు. పని అయ్యాక అందరిలా గాలి గొట్టంతో ఒంటి మీద పొడి ఊదుకోబోతే ఒక్క అరుపు అరిచారు. ఆయన కూడా మొదటినుంచీ అంతే శుభ్రంగా పనిచేసి ఉంటే బాగుండేది. వయసులో మాస్కు లేకుండా కొట్టిన పొడంతా ఊపిరితిత్తుల్లో ఉంది. బూత్, అంటే పొడి కొట్టే ఇనుప గది, ఇక దాని దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే మా ఓనరు శేషగిరి గారు కొత్త మిషను తెప్పిస్తున్నారు. దాని గన్ను ఎవరి చేతికి అన్నది ప్రశ్న. దర్శి నుంచి వచ్చిన రమణ అడుగుతున్నాడు. నేను నోరు తెరిచి అడగలేదు గానీ, ఆ గన్ను కోసం నా ప్రాణం కొట్టుకుంటోంది. జీవితమంతా ఏరడం, గీకడం, కడగడమే. ఒక్కసారైనా ఒక పని నా చేత్తో పూర్తి చేసి, ఇది నేను చేశాను అనాలని.

బూత్ పక్క గోడ మీద మిషను నడిపే వరస పెయింటుతో రాసి ఉండేది. ఆయన రోజూ పైకి చదివేవారు, నేను చెవితో పట్టేశాను. ఒకరోజు పొద్దున్నే, "నాగేంద్రమ్మా, గోడ చదువు," అన్నారు. నేను గడగడా చెప్పాను. ముందు గాలి లాగే ఫ్యాను, తర్వాత చట్రానికి ఎర్తు క్లిప్పు, గాలి కంప్రెసరులో చేరిన నీళ్లు బయటికి వదలడం, పొడి పోయడం, అన్నిటికంటే చివర గన్నుకి కరెంటు. ఆపేటప్పుడు ముందు కరెంటు, చివర ఫ్యాను. ఒక్క పొల్లు పోలేదు.

ఆయన నవ్వలేదు. "నిన్న సాయంత్రం చెరిపేసి తిరగేసి రాశాను. గోడ మీద మొదలుపెట్టేటప్పుడే ముందు కరెంటు, చివర ఫ్యాను అనుంది. నువ్వు చెప్పింది నిజం, గోడ మీదున్నది అబద్ధం. అంటే నువ్వు చదవలేదు."

సిగ్గుతో చచ్చాను. అయినా ఊరుకోలేదు. "నిజం చెప్పానుగా, ఇంక చదువెందుకండీ?"

"రేపొచ్చే మిషను నిజం వేరే ఉంటుంది. అది నీకు ఎవరు చెబుతారు? నేనా? నా ఊపిరి చూశావా?"

ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. పలక లేదు. పాడైపోయిన రేకు మీద రంగుపొడి చల్లి, వేలితో అక్షరం రాయించేవారు. తప్పు రాస్తే రేకు తట్టేవారు, అక్షరం రాలిపోయేది. రమణ అటు పోతూ, "అక్కా, డిగ్రీ ఎప్పుడు?" అనేవాడు. "నీ పెళ్లాం నీకు ఉత్తరం రాస్తే చదివిపెట్టడానికిరా," అనేదాన్ని. గోడ మీద వరస మళ్లీ సరిచేసి, కింద జాగ్రత్తలు కూడా రాశారు. ఆరు నెలలకి గోడ మొత్తం నాకు లొంగింది.

కొత్త మిషను వచ్చింది. దానికోసం వెనక గోడ అవతల, షెడ్డుకి ఇరవై అడుగుల దూరంలో ఎర్తు గుంట తవ్వించి, ఇనుప గొట్టం దింపి, ఉప్పూ బొగ్గూ నింపించారు. అందులో రోజూ రెండు బిందెల నీళ్లు పోయడం నా పని. నేల ఎండిపోతే కరెంటు భూమిలోకి సరిగా దిగదు. ఓనరు తల్లి వరలక్ష్మమ్మ గారు చూసి, "ఏం మొక్కే అది, ఎన్నాళ్లు పోసినా లేవదు?" అన్నారు. "కరెంటు మొక్కమ్మా, వేరు ఉంటుంది గానీ ఆకు ఉండదు," అన్నాను.

ఆ శుక్రవారం మిషను పూజ. పసుపు, కుంకుమ, పూల దండ. రమణ తన పనితనం చూపిద్దామని అప్పటికే పొడి పోసి రెండు మూడుసార్లు కొట్టాడు. బూత్‌లో ఎర్రటి మబ్బు లేచింది, ఫ్యాను లాగుతోంది. వరలక్ష్మమ్మ గారు పళ్లెంలో కర్పూరం పెట్టుకుని వచ్చి బూత్ ముందు నిలబడ్డారు. శేషగిరి గారు అగ్గిపెట్టె తీశారు. గాలికి హారతి ఆరితే అపశకునమని, "ఆ ఫ్యాను కట్టెయ్యరా," అన్నారు. రమణ కట్టేశాడు.

లాగేది ఆగిపోయింది. ఆ పొడి కిందికి దిగక, బయటికి పోక, ఎండ పడ్డ చోట గాలిలో నిలబడింది. నాకు జిన్నింగు మిల్లు గోడ కనబడింది. మేస్త్రి గారి వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు, కళ్లు మాత్రం గోడ మీదున్నాయి. తర్వాత చెప్పారు, "హారతి నేను ఆపితే అది వేరే మాట అవుతుంది నాగేంద్రమ్మా. పుల్ల గీస్తే మాత్రం ఏ మాటైనా పడదామని ఒక అడుగు వేశాను. నువ్వు ముందే కదిలావు."

నేను కదిలింది నిజమే. పోయి పళ్లేనికీ అగ్గిపెట్టెకీ మధ్య నిలబడ్డాను. "పుల్ల గీయొద్దు బాబు గారూ."

"పూజ మధ్యలో ఏంటిది? తప్పుకో. పని కావాలా వద్దా నీకు?"

కావాలి. గన్ను కూడా కావాలి. వెనక్కి తిరిగి గోడ చూపించాను. "నా మాట వద్దు, అక్కడ రాసి ఉంది."

వరలక్ష్మమ్మ గారు కళ్లు చిట్లించారు. "ఏం రాసుందే అక్కడ? నాకు చదువు రాదు. నువ్వు చదువు."

చదివాను. ఒక్కొక్క అక్షరం పట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగి, మళ్లీ లేచి చదివాను. "పొడి, గాలిలో, ఉండగా, ఫ్యాను, ఆపరాదు. ఈ గదిలో, నిప్పు, వద్దు." నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆవిడ పళ్లెం దించి కొడుకుతో అన్నారు. "డిగ్రీ చదివావు, ఇన్నాళ్లూ ఆ గోడ చూడలేదా? అగ్గిపెట్టె జేబులో పెట్టు." తర్వాత నాతో, "మరి హారతి ఎక్కడివ్వనే?"

"ఉప్పుగుంటకివ్వండమ్మా. మిషను కాలు అక్కడే ఉంది."

ఫ్యాను మళ్లీ వేయించి, అందరం వెనక్కి పోయాం. అంతవరకు నేను బిందెలతో నీళ్లు పోసిన ఆ గుంట చుట్టూ పసుపు చల్లి, ఆవిడ హారతి ఇచ్చారు. కర్పూరం ఆరిపోకుండా చివరిదాకా వెలిగింది.

తిరిగి వచ్చాక మేస్త్రి గారు గన్ను తీసి నా వైపు చాపారు. రమణ వైపు చూడలేదు. "పిన్నీసులు," అన్నారు. ఒంటి మీద వేలాడే ఇనుము దగ్గర కూడా రవ్వ లేవొచ్చు. పుస్తెలతాడుకి వేలాడే నాలుగు పిన్నీసులూ తీసి, నడుము దగ్గరి తాళంచెవులతో కలిపి రమణ చేతిలో పెట్టాను. మాస్కు కట్టుకున్నాను. అరచేతి దగ్గర కత్తిరించిన గ్లౌజు తొడిగి, చర్మం పిడికి తాకేలా పట్టుకున్నాను, నాలోని కరెంటు కూడా భూమిలోకి పోవాలిగా. క్లిప్పు లాగి చూశాను. గన్ను నొక్కాను.

ఆ ముచ్చట ఎలా చెప్పను. ఎర్రటి పొడి మెత్తగా పోయి, నేను గురిపెట్టని వెనక వైపుకి కూడా తిరిగి అంటుకుంది, చట్రం దాన్ని పిలిచినట్టు. పొయ్యిలోంచి తీసేసరికి కల్లంలో ఎండిన మిరపకాయ రంగులో నిగనిగలాడుతోంది. రమణ కూడా ఈల వేశాడు. నాకు గంతెయ్యాలనిపించింది, కొంచెం వేశాను కూడా.

మేస్త్రి గారు చట్రం చల్లారాక గోటితో గీరి చూశారు, వెలుగులో తిప్పి చూశారు. "బాగుంది," అన్నారు. తర్వాత, "కొక్కెం గీకు," అన్నారు.

ఆయన పోయారు. నేను గన్ను దించి కూడా చాలాకాలమైంది. కానీ ఇప్పటికీ ఏ మిషను ముందు నిలబడినా, చివరికి ఇంట్లో మిక్సీ అయినా, ముందు దాని మీదున్నది పైకి చదువుతాను, తర్వాతే స్విచ్చి మీద చెయ్యి వేస్తాను. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం ఐదుగురం. అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్న శేషగిరి గారు, పళ్లెం దించిన వరలక్ష్మమ్మ గారు, నా పిన్నీసులు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డ రమణ, గోడ రాసిన షేక్ బాజీ గారు, దాన్ని చదివిన నాగేంద్రమ్మ.