క్యాబేజీ మీద అలిగిన లియాండర్

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరంలోని కాడ్ ఆర్మ్ రేవులో, పోస్టాఫీసులో పని చేసి రిటైరైన లియాండర్ స్నూక్ ఒంటరిగా ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. పక్కింట్లో ఉండే అక్క డ్రుసిల్లా ఆదివారం ఆదివారం ఉప్పుమాంసం, క్యాబేజీ, బంగాళాదుంపలు కలిపి ఉడికించి పెట్టేది. మిగిలింది అతను వారమంతా తినేవాడు.

ఆ సెప్టెంబరులో ఒక ఆదివారం పాస్టరుగారు భోజనానికి వచ్చారు. ఆయన ముందే లియాండర్ గిన్నె మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"అక్కా, ఇది క్యాబేజీనా, బావ మేజోళ్లా?"

బావ పోయి ఏడాది కూడా కాలేదు. డ్రుసిల్లా తమ్ముడి పళ్లెం తీసుకెళ్లి కుక్క ముందు పెట్టింది.

"సరే, ఇకమీదట నేలలో మొలిచింది ఏదీ ముట్టను," అన్నాడు.

"ముట్టకు. నేలకేం నష్టం లేదు."

మాట మీద నిలబడ్డాడు. మూడు పూటలా వేయించిన బలోనీ మాంసం ముక్కలు, బ్రెడ్డు, డబ్బాపాల టీ. బ్రెడ్డు మాత్రం ఎక్కడ మొలిచిందని ఎవరూ అడగలేదు. అడిగుంటే పౌరుషానికి అదీ మానేసేవాడు.

జనవరికల్లా నాలుగడుగులు వేస్తే ఆయాసం. చిగుళ్లు ఉబ్బి రక్తం కారసాగింది. కాళ్ల మీద వెంట్రుకలు పందితోకల్లా మెలితిరిగాయి. అయినా అక్క గడప తొక్కలేదు. చివరికి చిన్నప్పుడు మంచు మీద జారుతుంటే డ్రుసిల్లా స్కేటు తగిలి పడ్డ గాయపు మచ్చ, మోకాలి కింద, దానంతటదే విచ్చుకుంది. ఇక ఆగలేక కుంటుతూ వెళ్లి, కాలెత్తి ఆమె భోజనాల బల్ల మీద పెట్టాడు.

"చూడు, నువ్వు కోసింది మళ్లీ తెరుచుకుంది."

"అది మన చిన్నప్పటిదిరా."

"నీ పగ ఇంకా పనిచేస్తోందన్నమాట."

ఆమె కోటు తొడుక్కుని అతన్ని కారెక్కించింది.

క్లినిక్‌లో డాక్టర్ ఫోంటేన్ అనే చిన్న వయసావిడ ఏం తింటున్నారని అడిగింది. చెప్పాడు. చెవులు సరిగా పనిచేయనట్టు మళ్లీ అడిగింది.

"ఇది స్కర్వీ. పూర్వం ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులకు వచ్చేది."

"నేను పడవెక్కితేనే కక్కుకునే మనిషిని, డాక్టరమ్మా."

"చర్మాన్నీ చిగుళ్లనీ రక్తనాళాల్నీ పట్టుకుని ఉంచే దారం ఒకటుంది, కొల్లాజెన్ అని. కణాల మధ్య అల్లుకుని ఉంటుంది. మీ మచ్చ దాంతో కుట్టిందే. ఒళ్లు పాత దారం తీసేస్తూ కొత్తది వేస్తుంటుంది. ఆ కొత్త దారానికి పురి నిలవాలంటే విటమిన్ సి ఉండాలి. మీరది ఆపేశారు. తీసేయడం మాత్రం ఆగలేదు."

స్వెటర్లు అల్లే డ్రుసిల్లాకు వెంటనే అర్థమైంది. "అంటే వీడు ఇన్నాళ్లూ కూర్చుని తనను తాను విప్పుకున్నాడు."

"మరి ఆ దారం మోతాదు మించితే?" అని లియాండర్ అనుమానపడ్డాడు.

"అదీ జబ్బే. కాలేయంలో పేరుకుంటే అది గట్టిపడిపోతుంది. మీకిప్పుడా బెంగ అక్కర్లేదు, మాత్రలు వేసుకుని నారింజలు తినండి."

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. కొట్టువాడు నారింజలు సంచిలో వేస్తూ, "ఏ సముద్రం దాటొచ్చావు, కెప్టెన్?" అన్నాడు. ఆ పేరు అతనికి అలాగే ఉండిపోయింది. వసంతం వచ్చేసరికి చిగుళ్లు గట్టిపడ్డాయి, గాయం మూసుకుంది. ఈస్టరు నాడు మాంసంలో ఉప్పెక్కువైందని అక్కతో మళ్లీ గొడవకు దిగాడు. కాకపోతే నోట్లో క్యాబేజీ ముద్ద పెట్టుకునే పోట్లాడాడు.