కామా లేని పేరు

మొన్న నరసరావుపేటలో ఒక కొరియర్ ఆఫీసుకు వెళ్తే, రసీదు కోసం మూలన ఉన్న పాత ప్రింటరు గరగరమంటూ కదిలింది. రిబ్బను మీద సూదులు అటూ ఇటూ పరుగెత్తే ఆ చప్పుడు ఈ రోజుల్లో ఎక్కడోగాని వినపడదు. కౌంటరు అవతలి మనిషి "మేడం, సంతకం" అంటూనే ఉన్నాడు, నేను పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. నా చెవిలో ఇంకో గొంతు ఉంది. "ఆగు తల్లీ, అక్కడ కామా ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అంటోంది. ఆ గొంతు మా అన్నపూర్ణ మేడంది.

ఎనభైల చివర్లో ఈ ఊళ్లోనే నేను ఒక జాబ్ టైపింగ్ సెంటర్లో పనిచేసేదాన్ని. టైపు హయ్యరు పాసయ్యానని మా ఓనరు కొత్తగా కొన్న కంప్యూటరు ముందు నన్నే కూర్చోబెట్టాడు. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని, గుళ్లోకి వెళ్లినట్టు ఆ గదిలోకి వెళ్లాలి. కొల్లిపర అన్నపూర్ణ గారు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మీద పీహెచ్‌డీ చేస్తూ, ఆ థీసిస్ ఇంగ్లీషులో మా దగ్గర కొట్టించుకున్నారు. మనిషి పొట్టి, మాట గట్టి. తప్పు పడితే విసుక్కోరు, ఆటపట్టిస్తారు. దాని కంటే విసుక్కోవడమే నయం అనిపించేది నాకు.

థీసిస్ చివర, ఏ విషయం ఎక్కణ్ణుంచి తీసుకున్నారో చెప్పే ఆధారాల జాబితా ఉండాలి. అది ఎలా ఉండాలో యూనివర్సిటీ వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. పేరులో చివరి మాట ముందుకు తేవాలి, కామా పెట్టాలి, మిగతాది తర్వాత రాయాలి. వివరాలు ఒక ఫైల్లో, అవి ఏ వరసలో పడాలో ఇంకో ఫైల్లో రాసిపెడితే, ప్రింటు కొట్టేటప్పుడు కంప్యూటరు రెండింటినీ కలిపేది. నేను ఆ కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాను. మేడం తన వ్యాసం కూడా ఉన్న ఆ ప్రింటు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేంది తల్లీ, ఊళ్లో రావులందరి చేతా ఒకే ఇంట్లో కాపురం పెట్టించావు? నేను కొల్లిపరోళ్ల పిల్లని. నన్ను తీసుకుపోయి అన్నపూర్ణోళ్ల ఇంట్లో వదిలావు."

"కాగితంలో అట్లానే ఉంది మేడం."

"కాగితం రాసినోళ్లకి ఇంటిపేరు చివరుంటది. మనకి ముందే ఉంది గదా. తిప్పితే కామా పెట్టాలి. తిప్పందానికి కామా ఎందుకు?"

ఆ రోజు మన పేర్ల కోసం వేరే నమూనా తయారుచేశాం. కామా లేదు, తిప్పడం లేదు. ప్రింటరు గరగరమంటూ ఎవరి ఇళ్లకు వాళ్లను పంపిస్తుంటే ఇద్దరం నవ్వుకున్నాం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. బట్టీల పని గురించి పుస్తకాల్లో ఉన్నది తక్కువ. మేడంకు చెప్పిందంతా బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లే. వాళ్లలో మా అమ్మ గోవిందమ్మ ఒకతె. రాయి కాలిందో లేదో పొగ వాసన చూసి చెప్పేది మా అమ్మ. మేడంను ఆమె దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ఆ ఆడవాళ్ల పేర్లన్నీ మేడం పుస్తకాలతో పాటు ఆధారాల జాబితాలోనే పెట్టారు. థీసిస్ చేయిస్తున్న గైడు గారు ఒప్పుకోలేదు. చదువు రానివాళ్ల పేర్లు గ్రంథకర్తల సరసన ఏమిటి, కృతజ్ఞతల్లో ఒక ముక్క రాయండి, లేకపోతే సంతకం పెట్టను అన్నారట. ఆ సంతకం లేకపోతే ఇన్నేళ్ల చాకిరీ బీరువాలో పడి ఉండాల్సిందే. ఆ మాట వినగానే నాకు భయమేసింది. మేడం డిగ్రీ పోతుందని కొంత, మా అమ్మ పేరు పోతుందని ఎక్కువ.

"మీరేమన్నారు మేడం?"

"ఏమంటాను? రాయి ఎప్పుడు కాలుద్దో చెప్పిన పుస్తకం ఉంటే చూపించండి, దాని పేరే రాస్తానన్నా. చివరికి ఒక పద్ధతంటూ ఉంటే చూద్దాం అన్నారు. అంటే ఇప్పుడు పద్ధతి పెట్టాల్సింది మనం."

పెట్టాం. ఇంటిపేరు, పేరు, చేసే పని, ఊరు, 'నోటి మాటగా చెప్పినది' అని ఒక ముక్క. అమ్మ వివరాలు కొట్టబోయి ఆగాను. బట్టీలో ఆమె వట్టి గోవిందమ్మ, ఇంటిపేరుతో పిలిచినవాళ్లు లేరు. నాన్న ఇంటిపేరు చల్లా కాబట్టి అదే కొట్టబోయాను. అప్పుడే మేడం, 'ఆగు తల్లీ' అన్న ఆ గొంతుతోనే అన్నారు.

"మీ అమ్మనడిగావా? పుట్టింటిదో అత్తింటిదో ఆమె చెప్పాలి. మనం రాసేస్తే ఎట్లా?"

ఆదివారం పిడుగురాళ్ల బస్సెక్కాను. అమ్మ బట్టీ దగ్గర రాళ్లు కొడుతోంది. సున్నం దుమ్ము పడి కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. విషయం చెబితే సుత్తి పక్కన పెట్టింది.

"నా పేరెట్లా రాయాలో నన్నడిగి రమ్మందా ఆ మేడం?"

"అవునమ్మా."

కొంగుతో మొహం తుడుచుకుంది. "బత్తుల అని రాయమను. మా అమ్మోళ్లది. పొగ చూట్టం నేర్పింది మా అమ్మ, మీ నాయనోళ్లు కాదు."

గైడు గారు సంతకం పెట్టారు. డిగ్రీ వచ్చాక మేడం బైండు చేసిన థీసిస్ పట్టుకుని నాతో పాటు బట్టీ దగ్గరికి వచ్చారు. రాళ్ల కుప్ప మీద కూర్చుని, అమ్మ వేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టారు. అమ్మకు ఇంగ్లీషే కాదు, తెలుగూ చదవరాదు. వేలు మాత్రం తీయలేదు. వేలి కింద కాగితానికి సున్నం అంటింది.

"దీని పైన ఉన్నదెవరు మేడం?"

"లండన్లో పుస్తకం రాసిన ఒక దొర."

"కింద?"

"చరిత్ర ప్రొఫెసరు."

"వాళ్లకి సున్నం సంగతి తెలుసా?"

"అంతగా తెలీదు గోవిందమ్మా."

"మరి పక్కనే ఉండారుగా, నన్నడగమను" అంది అమ్మ.

మేడం పగలబడి నవ్వారు, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాకు ఆ రోజున్నంత గర్వం నా పెళ్లి నాడు లేదు, సొంతంగా సెంటరు పెట్టుకున్న నాడూ లేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నా సెంటర్లో థీసిస్‌లు చేస్తూనే ఉన్నాను. ఇప్పటి ప్రోగ్రాములకు ఏ పద్ధతి కావాలో చెబితే చాలు, జాబితా మొత్తం చిటికెలో సర్దేస్తాయి. ఎవరినీ అడక్కుండా పేర్లు తిప్పేసి కామాలు కూడా పెట్టేస్తాయి. నేను ఆ కామా దగ్గర ఆగుతాను. ఆ పేరున్న మనిషి ఫోను నంబరు కనుక్కుని, "మీ పేరు ఎట్లా రాయమంటారు?" అని అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పరు.  అమ్మ సుత్తి పక్కన పెట్టిన చప్పుడు నాకు ఫోనులో వినిపిస్తుంది.